మూడు ఊళ్ళు - రెండు ఓడలు

కడప జిల్లాకు సముద్రతీరం లేదు. జమ్మలమడుగులో గాని, ప్రొద్దుటూరులో గాని, పులివెందులలో గాని మేడ ఎక్కి నాలుగు దిక్కులా చూసినా కొండలూ, పొలాలూ కనిపిస్తవే తప్ప కడలి కనిపించదు. అటువంటి ఊళ్ళలో ఉన్నవారు, సముద్రం మీద తిరిగే రెండు ఓడలలో ఏది ఎంత పెద్దదో, ఏది ఏ విధంగా మేలైనదో తేల్చగలరా?

తప్పకుండా తేల్చగలరు. అందుకు కావలసిన కొలతలన్నీ ఆ మూడు ఊళ్ళలోనే ఉన్నవి. పటం ఒకటి ముందు పెట్టుకొని మాతో బయలుదేరండి.

ముందు ఆ ఓడలేవో చెప్పుకుందాం. రెండూ విహారనౌకలు. అంటే బొగ్గూ, బియ్యమూ మోసేవి కావు. సరదాగా సముద్రం మీద నాలుగు రోజులు తిరిగి రావాలనుకునే మనుషులను మోసేవి. పడకగదులు, భోజనశాలలు, ఈతకొలనులు, నాటకశాలలు అన్నీ ఓడలోనే ఉంటవి.

మొదటిది పాతది, చిన్నది. దానిని 1990లో ఫ్రాన్సు దేశంలోని సాన్ నజేర్ రేవులో కట్టారు. అప్పుడు దాని పేరు "నార్డిక్ ఎంప్రెస్". ఎంప్రెస్ అంటే మహారాణి. ఆ తరువాత చేతులు మారినప్పుడల్లా పేరు కొంచెం కొంచెం మారుతూ వచ్చింది గాని, మహారాణి అన్న మాట మాత్రం పోలేదు. మనమూ దానిని ఎంప్రెస్ అనే పిలుద్దాం.

రెండవది కొత్తది, పెద్దది. దాని పేరు "ఐకాన్ ఆఫ్ ది సీస్". ఫిన్లండు దేశంలోని తుర్కు పట్టణంలో కట్టారు. 2024 జనవరి 27న అమెరికాలోని మయామీ రేవు నుంచి తొలి ప్రయాణం సాగించింది. ఆనాటికి ప్రపంచంలోని విహారనౌకలన్నిటిలోకీ అదే పెద్దది.

ఈ రెండింటినీ మొదట నడిపింది ఒకే సంస్థ, రాయల్ కరిబియన్. కనుక ఇవి ఒక ఇంటి అక్కాచెల్లెళ్ళ వంటివి. ఇద్దరి నడుమ 34 ఏళ్ళ తేడా. అక్క పొట్టిది, చెల్లెలు పొడగరి.

ఎంత పొడగరి? అది చూడటానికి జమ్మలమడుగు పోదాం.

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు పోతే గండికోట వస్తుంది. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసివేసి, లోయ ఏర్పరచింది. ఆ లోయ అంచున పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఉన్నది. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నవి. వాటిని దాటి లోయ వైపు వెళ్ళి, అంచుకు దూరంగా నిలబడి చూడండి. ఎర్రటి రాతిపలకలు పేర్చినట్టున్న ఆ గోడలు సుమారు 300 అడుగుల లోతుకు దిగుతవి. అడుగున పెన్న పచ్చటి దారంలాగా కనిపిస్తుంది.

ఎంప్రెస్ పొడవు 692 అడుగులు. దానిని తెచ్చి ఈ లోయలో నిలువునా నిలబెట్టామనుకోండి. లోయ పూర్తిగా దాటి, మీ తల మీదుగా ఇంకా 390 అడుగులు పైకి లేస్తుంది! ఐకాన్ పొడవు 1,197 అడుగులు. దానిని నిలబెడితే ఇటువంటి లోయలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది.

సరే, ఓడలు నిలువునా నిలబడవు గదా! మామూలుగా నీటి మీద ఉంచితే ఎలా ఉంటవి? ఐకాన్‌కు 20 అంతస్తులు. ఒక్కొక్క అంతస్తుకు పదేసి అడుగులు వేసుకున్నా 200 అడుగులు అయింది. అంటే గండికోట లోయలో మూడింట రెండు వంతుల ఎత్తుకు వస్తుంది. ఎంప్రెస్‌కు ప్రయాణికులు తిరిగే అంతస్తులు 11 మాత్రమే.

ఈ లెక్కలో చిన్న చిక్కు ఉన్నది, గమనించారా? పొడవులో ఐకాన్ ఎంప్రెస్‌కు రెండు రెట్లు కూడా లేదు. ఒకటీ ముప్పావు రెట్లు, అంతే. అంతమాత్రానికే ప్రపంచమంతా "ఎంత పెద్ద ఓడ!" అని నోరు తెరిచి చూసిందా? ఈ చిక్కు విడాలంటే ప్రొద్దుటూరు పోవాలి.

జమ్మలమడుగు దాటిన పెన్న ప్రొద్దుటూరు పక్కగా పోతుంది. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అక్కడి అంగళ్ళలో నగను త్రాసులో పెట్టి, గ్రాములలో తూస్తారు. నగ ఎంత పొడుగున్నదని ఎవరూ అడగరు. తూకం ఎంతన్నదే ప్రశ్న.

ఓడలకూ అలాగే టన్నుల లెక్క చెబుతారు. ఎంప్రెస్ 48,563 టన్నులు. ఐకాన్ 2,48,663 టన్నులు. అది విని "అబ్బో, ఎంత బరువో!" అనుకునేరు. ఇక్కడే పెద్దలు కూడా పొరబడతారు. విహారనౌకలకు చెప్పే ఈ టన్ను బరువు కాదు. ఇది ఓడ లోపల ఉన్న చోటుకు కొలత!

దీని వెనక ఒక కథ ఉన్నది. పూర్వం ఇంగ్లండులో ద్రాక్షసారాయి పెద్ద పెద్ద పీపాలలో పోసి ఓడలకు ఎక్కించేవారు. ఆ పీపాను "టన్" అనేవారు. ఓడలో ఎన్ని పీపాలు పడితే అది అన్ని టన్నుల ఓడ. దానిని బట్టి సుంకం కట్టించుకునేవారు. తరువాత నూరు ఘనపుటడుగుల చోటును ఒక టన్నుగా లెక్కించసాగారు. 1969లో దేశాలన్నీ కూడి ఒక ఒప్పందం చేసుకొని ఈ లెక్కను కొంత సవరించాయి. కాని అది చోటుకు కొలత అన్న సంగతి మాత్రం మారలేదు.

పాత పద్ధతిలో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. మీ బడిలో మీ తరగతి గది 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్నదనుకోండి. అందులో చోటు 4,000 ఘనపుటడుగులు, అంటే 40 టన్నులు. ఆ లెక్కన ఎంప్రెస్‌లో అటువంటి గదులు సుమారు 1,200 పడతవి. ఐకాన్‌లో సుమారు 6,200 పడతవి. పొడవులో రెండు రెట్లు లేని ఓడ, లోపలి చోటులో ఐదు రెట్లు ఉన్నది!

ఇదేమి మాయ? ఇది తెలియాలంటే పులివెందుల పోవాలి.

పులివెందుల చుట్టుపక్కల చీనీతోటలు విస్తారం. కోస్తా జిల్లాలవారు ఆ కాయనే బత్తాయి అంటారు. ఒక చిన్న చీనీకాయ, దానికి సరిగ్గా రెండు రెట్లు అడ్డుకొలత గల పెద్ద చీనీకాయ తీసుకున్నామనుకోండి. పెద్దదానిలో రసం ఎంత ఉంటుంది? రెండు రెట్లు అంటారు చాలామంది. కాదు. ఎనిమిది రెట్లు! ఎందుకంటే కాయ పొడవులో రెండు రెట్లు, వెడల్పులో రెండు రెట్లు, ఎత్తులో రెండు రెట్లు పెరిగింది. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. కాని తొక్క మాత్రం నాలుగు రెట్లే అవుతుంది.

ఇప్పుడు ఓడల లెక్క చూడండి. ఐకాన్ పొడవును ఎంప్రెస్ పొడవుతో భాగిస్తే 1.73 వస్తుంది. దానిని దానితోనే మూడుసార్లు గుణించండి: 1.73 × 1.73 × 1.73. సుమారు 5.2 వచ్చింది గదా! టన్నుల లెక్కలో మనకు కనిపించింది కూడా ఇంచుమించు అదే. చీనీకాయ చెప్పిన సూత్రం సముద్రం మీద కూడా తప్పలేదు.

పెద్ద ఓడలు కట్టడంలోని రహస్యం ఇదే. కాయకు తొక్క ఎటువంటిదో, ఓడకు దాని ఇనుప ఒడలు అటువంటిది. నీరు రాచుకొని ఓడను వెనక్కు లాగేది ఆ ఒడలినే. ఓడ పెరిగినకొద్దీ తొక్క తక్కువగా, రసం ఎక్కువగా పెరుగుతుంది. కనుక ఒక్కొక్క మనిషిని మోయడానికి పట్టే ఖర్చు తగ్గుతుంది. మనిషికి దక్కే చోటు కూడా పెంచవచ్చు. ఎంప్రెస్‌లో సుమారు 800 గదులు. గదికి ఇద్దరు చొప్పున 1,600 మంది. టన్నులను మనుషులతో భాగిస్తే తలకు 30 టన్నుల చోటు వస్తుంది. ఐకాన్‌లో అదే లెక్కన 5,610 మంది. తలకు 44 టన్నులు.

ఇంకొక లాభం కూడా ఉన్నది. సముద్రంలో ఒక అల శిఖరానికి, మరొక అల శిఖరానికి నడుమ 300 అడుగుల దూరం ఉన్నదనుకోండి. ఎంప్రెస్ ఒకేసారి రెండు మూడు శిఖరాల మీద ఆనుతుంది. ఐకాన్ నాలుగింటి మీద ఆనుతుంది. కాళ్ళు ఎక్కువ ఉన్న బల్ల తక్కువ ఊగినట్టు, అదీ తక్కువ ఊగుతుంది. పైగా ఐకాన్ కొత్తది కావడంవల్ల నూనెకు బదులు సహజవాయువుతో నడిచే యంత్రాలు పెట్టారు. ఆ వాయువును సున్నాకు 162 డిగ్రీల దిగువకు చల్లబరిస్తే ద్రవమై, ఆరువందలవ వంతు చోటులోకి కుదించుకుపోతుంది. అది మండినప్పుడు మసి చాలా తక్కువ. అయితే అది మండకుండా ఏ కొంచెం గాలిలోకి జారినా భూమిని వేడెక్కిస్తుంది. కనుక దానిలోనూ మంచీ చెడూ రెండూ ఉన్నవి.

మరి ఇన్ని లాభాలుంటే చిన్న ఓడలను పారేసి, అన్నీ పెద్దవే కట్టరాదా?

దీనికి జవాబు వంటింటిలో ఉన్నది. ఒక తొట్టిలో జానెడు నీరు పోసి, ఖాళీ ఇత్తడి చెంబును నిలువుగా వదలండి. కొంత మునిగి తేలుతుంది. తాను ప్రక్కకు నెట్టిన నీటి బరువు తన బరువుకు సమానమయ్యేదాకా మునుగుతుంది, అంతే. ఇప్పుడు దానిలో కొంచెం కొంచెంగా ఇసుక పోయండి. బరువు పెరిగినకొద్దీ చెంబు ఇంకా లోతుకు దిగి, చివరకు అడుగు తొట్టికి తగులుతుంది. ఓడలూ అంతే. ఎంప్రెస్ నీటిలో సుమారు 23 అడుగులు మునుగుతుంది. ఐకాన్ సుమారు 30 అడుగులు మునుగుతుంది. మహాసముద్రంలో ఈ ఏడడుగులూ ఒక లెక్క కాదు. రేవులో మాత్రం ఏడడుగులే ప్రాణం. అంత లోతు లేని రేవుకు పెద్ద ఓడ రానే రాదు.

వెడల్పు సంగతీ అంతే. రెండు మహాసముద్రాలను కలిపే పనామా కాలువ 1914లో తెరిచారు. దాని పాత తూముల వెడల్పు 110 అడుగులు. వంద అడుగుల వెడల్పున్న ఎంప్రెస్ వాటిలో పడుతుంది. సుమారు 160 అడుగుల వెడల్పున్న ఐకాన్ పట్టదు.

ఓడ నుంచి ఊళ్ళోకి దిగడం కూడా లెక్క వేయండి. ఒకే వాకిలి గుండా నిమిషానికి పదిమంది చొప్పున, ఉదయం 8 గంటలకు దిగడం మొదలుపెట్టారనుకోండి. ఎంప్రెస్‌లోని 1,600 మంది 10 గంటల 40 నిమిషాలకల్లా ఊళ్ళో ఉంటారు. ఐకాన్‌లోని ఆఖరి మనిషి దిగేసరికి సాయంత్రం ఐదు దాటిపోతుంది. అందుకే పెద్ద ఓడకు వాకిళ్ళూ, వాహనాలూ, పెద్ద రేవూ అన్నీ కావాలి. ఒక చిన్న ఊరికి ఒక్క ఉదయాన ఐదువేల ఆరువందల మంది చుట్టాలు వస్తే ఆ ఊరివారు ఏమవుతారో మీరే ఊహించుకోండి.

పెద్దదనం రక్షణ కూడా కాదు. 1912లో మునిగిన టైటానిక్ ఆనాడు లోకంలోకెల్లా పెద్ద ఓడ. పొడవు 882 అడుగులు, చోటు 46,328 టన్నులు. అంటే చోటులో ఈనాటి మన చిన్న ఎంప్రెస్ పాటిది! అంత పెద్ద ఓడ మునగదనే ధీమాతో ఉన్నారు. ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. ప్రాణరక్షణ పడవలలో చోటు 1,178 మందికే. పదిహేనువందల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే, ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ రక్షణసాధనాలలో చోటు ఉండి తీరాలని దేశాలన్నీ నియమం పెట్టుకున్నవి. అక్కకైనా, చెల్లెలికైనా ఈ నియమం ఒక్కటే.

ఇక అక్కకు వచ్చిన కష్టం చెబుతాము, వినండి.

ఎంప్రెస్ 2008 నుంచి 2016 దాకా స్పెయిన్ దేశపు పుల్‌మాంతూర్ అనే సంస్థ కింద పనిచేసింది. అక్కడ దానితోపాటు ఉన్న ఓడలలో రెండింటి సంగతి చెప్పుకోవాలి. 1988లో పుట్టిన "సావరిన్", 1991లో పుట్టిన "మొనార్క్". రెండూ 73,000 టన్నులకు పైబడినవి. ఎంప్రెస్ వాటి పక్కన చిన్నపిల్ల. 2016లో ఎంప్రెస్ తన పాత యజమానుల దగ్గరికి తిరిగిపోయింది. 2020లో కరోనా మహమ్మారి వచ్చింది. ప్రపంచంలో విహారనౌకలన్నీ ఆగిపోయినవి. మనిషిని ఎక్కించుకోని ఓడకు కూడా కాపలా ఖర్చు, మరమ్మతు ఖర్చు తప్పదు గదా! ఆ స్పెయిన్ సంస్థ ఆ బరువు మోయలేకపోయింది. ఆ ఏడు జూలైలో సావరిన్, మొనార్క్ రెండూ టర్కీ దేశంలోని అలియాగా తీరానికి చేరినవి. అది పాత ఓడలను విరగగొట్టి, ఇనుము అమ్మే చోటు. లక్షలమందిని మోసిన ఆ రెండు పెద్ద ఓడలు ముక్కలు ముక్కలైపోయినవి.

ఎంప్రెస్‌కు అప్పటికి ముప్పై ఏళ్ళు నిండినవి. దాని గతి కూడా అంతే కావలసింది. కాని దానిని కొనేవారు దొరికారు. వారు మన దేశపువారు. 2021 సెప్టెంబరులో "కార్డేలియా" సంస్థ విహారనౌకగా ముంబయి నుంచి అది మళ్ళీ బయలుదేరింది. మన దేశంలో విహారనౌకల ప్రయాణం అప్పుడప్పుడే పెరుగుతున్నది. కొత్తగా ఎక్కేవారికీ, ఇక్కడి రేవులకూ తగిన ఓడ అది. మరొకచోట పాతదీ, చిన్నదీ అనిపించుకున్న ఓడ ఇక్కడ అందరూ వచ్చి చూసే పెద్ద ఓడ అయింది!

2022 జూన్‌లో అది విశాఖపట్నం వచ్చింది. డాల్ఫిన్ కొండ నీడన ఆగి, తెలుగువారిని ఎక్కించుకొని, దక్షిణంగా చెన్నై వైపు సాగింది. 2023లో విశాఖలో విహారనౌకల కోసం ప్రత్యేకంగా ఒక రేవుభవనం కూడా తెరిచారు.

ఇక మళ్ళీ పటం చూడండి. పులివెందుల ప్రాంతంలో పార్నపల్లె వద్ద జలాశయం దాటిన చిత్రావతి, గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న గండికోట లోయ దాటి, మైలవరం జలాశయం నింపి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చూసుకొని, తూర్పుగా పోయి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మీరు వేలుపెట్టి చూసిన మూడు ఊళ్ళ నీరూ చేరేది అక్కడికే. విశాఖ నుంచి చెన్నైకి పోయే ఓడ ఆ తీరానికి ఎదురుగానే, దూరంగా, దాటిపోతుంది. కడలి లేదనుకున్న మీ ఊళ్ళకు కూడా కడలితో చుట్టరికం ఉన్నదన్నమాట!

ఇక చివరకు మిమ్మల్ని ఒక పని చేయమంటాము. రేపు బడి మైదానంలో ఒక మూల గుర్తుపెట్టి, అక్కడినుంచి అంగలు లెక్కపెడుతూ నడవండి. అంగకు రెండున్నర అడుగులు అనుకుంటే, 277 అంగలు వేసినచోట ఎంప్రెస్ ముగుస్తుంది. 479 అంగలు వేసినచోట ఐకాన్ ముగుస్తుంది. మైదానం చాలకపోతే వెనక్కు తిరిగి నడవండి. నడిచిన తరువాత మీ స్నేహితులను అడగండి: "మన ఊరికి ఒక ఓడ వచ్చే వీలుంటే ఏ ఓడ రావాలి?" అని.

వారు జవాబు చెప్పేముందు, "రేవు ఎంత లోతు?" అని ఎదురు ప్రశ్న వేశారా, ఈ వ్యాసం వారు కూడా చదివారన్నమాటే!